ఓట్స్‌లో పాలు

అమ్మా,

డ్యూటీకి వెళ్తున్నా. పాప నిద్రపోతోంది. డైపర్‌లో మళ్లీ రక్తం కనిపిస్తే పారేయకు, కవర్లో చుట్టి ఉంచు. మొన్నటిది నువ్వు పారేస్తే డాక్టర్‌గారి ముందు తెల్లమొహం వేశాను.

పాపకి జ్వరం లేదు, మలద్వారం దగ్గర చీలిక లేదు, మోషన్ పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు. అందుకే ఆవిడ ఆవుపాల అలర్జీ అనుకుని, పాప తాగేది నా పాలే కాబట్టి నాచేత పాలు, పెరుగు మానిపించారు. రక్తం ఆగింది. మళ్లీ కనిపించేసరికి, "వేరే జబ్బేమో, పెద్దాసుపత్రికి రాస్తా" అన్నారు.

తీరా చూస్తే నిన్న నువ్వే బయటపెట్టావు: "పాలు తాగకపోతే నీకు పాలెలా పడతాయే? అందుకే నీ ఓట్స్‌లో రోజూ కాసిని కలుపుతున్నా."

అరిచాను, నిజమే. ఇందాక ఫోన్లో చెబితే డాక్టర్‌గారు నవ్వేశారు. "మానితే ఆగింది, తాగితే వచ్చింది. అలర్జీయే. బరువూ బాగానే పెరుగుతోంది, పెద్దాసుపత్రి వద్దు. అదే పెద్దపిల్లలకైతే ఇంత తేలిగ్గా తేలదు, పేగులోకి గొట్టం వేసి చూడాల్సొచ్చేది" అన్నారు.

ఇక ఓట్స్ నేనే చేసుకుంటా. నువ్వు గిన్నె ముట్టుకోకు.

పొద్దున నువ్వూ పాలు లేని టీ తాగుతుంటే చూశాను. నీకెందుకమ్మా ఈ శిక్ష? ఫ్రిజ్‌లో ప్యాకెట్ ఉంది, నీ టీలో పోసుకో.