పదకొండో తేదీ సంతకం

భద్రతాధికారి గారికి,

మీ సంతాప లేఖ అందింది. హెలికాప్టర్ కింద సరుకు వేలాడదీసే కొక్కేన్ని మా ఆవిడే తనిఖీ చేసిందని చూపే కాగితం కూడా జతచేశారు, సంతోషం.

అదే కొక్కెం దానంతటదే తెరుచుకుని, సిమెంటు బస్తాలు ఆవిడ మీద పడింది తొమ్మిదో తేదీన. కాగితం మీద ఆవిడ సంతకం పదకొండున ఉంది. పనిమంతురాలే గానీ, అంత్యక్రియల మర్నాడే డ్యూటీకి వస్తుందనుకోలేదు.

పైగా "ఒకసారి లాగి చూశాను" అని రాసి ఉంది. "బరువు వేలాడదీసి మూడుసార్లు విడిపించి చూడందే సంతకం పెట్టను, మీరు తినేయండి" అని రోజూ ఫోన్ చేసే మనిషి ఆవిడ.

రేపు ఆ కొక్కెం కింద ఇంకొకరు నిలబడతారు. ఈలోగా బతికున్నవాళ్ళ చేత దాన్ని తనిఖీ చేయించండి. ఆవిడకు ఇక సెలవివ్వండి.

ఇట్లు,
ఆవిడ భర్త