సాయంత్రం వచ్చే పావురం

ప్రియమైన శ్రీమతికి,

మీ ట్రైనింగులో ఫోన్లు లాక్కున్నారు కాబట్టి నా కోడిగీతలు చదవక తప్పదు నీకు. ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

పాప సీసా పాలు నా మొహానే ఉమ్మేస్తోంది. ఎత్తుకుంటే చొక్కా గుండీ చప్పరించి చూసి, అది కాదని తేలగానే ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆవైనా, పిల్లి అయినా, గబ్బిలమైనా, ఆఖరికి తిమింగిలమైనా పాలిచ్చేది తల్లే కదా. గడియారాలు బాగుచేసుకునే మగాణ్ణి, ఇది నా వల్ల కావట్లేదు. క్రేను నడపడం తర్వాతైనా నేర్చుకోవచ్చు, ఆదివారం వచ్చెయ్.

వంటింటి కిటికీలో పావురం పిల్లల్ని చేసింది, రెండు. తల్లి పగలంతా వాటి మీంచి కదలదు. దాన్ని చూస్తే నువ్వే గుర్తొస్తున్నావు. సాయంత్రమయ్యేసరికి ఒక రౌడీ పావురం దిగబడుతోంది. రోజూ చీపురుతో తరుముతున్నాను. అయినా ఎందుకో పిల్లలు నీరసపడ్డాయి.

ఇట్లు,
నీ మొగుడు

ప్రియమైన గడియారాల డాక్టరుగారికి,

మీ ఉత్తరం చదివి క్రేను క్యాబిన్లో కూర్చుని ఏడ్చాను. పరీక్ష వచ్చేవారమే. అయినా నా కూతురు పస్తులుంటే నాకెందుకండీ ఈ ఉద్యోగం? బ్యాగు సర్దేశాను. మళ్లీ రమ్మని రాస్తే ఆదివారం బస్సెక్కుతాను.

ముందు ఆ చీపురు కింద పెట్టండి మహానుభావా. మేడ మీద పావురాలు పెంచిన ఇంట్లో పుట్టాను, నన్నడగొచ్చుగా. మీరు తెగ మెచ్చుకుంటున్న ఆ తల్లి, నిజానికి తండ్రండీ. పావురాల్లో పగలు కాపలా మగదానిది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆడదానిది. మీరు తరుముతున్న రౌడీయే తల్లి. వాటిల్లో పాలు ఇద్దరికీ వస్తాయి. మెడ కింద సంచిలో ఊరితే, పిల్ల మూతి తమ నోట్లో పెట్టించుకుని తాగిస్తాయి.

ఉంటాను,
మీ ఆవిడ

ప్రియమైన క్రేను డ్రైవరమ్మకి,

చీపురు అటకెక్కింది. ఆ సాయంత్రం తల్లి రాలేదు. పిల్లల ఉసురు నాకే తగులుతుందని అన్నం సహించలేదు. మర్నాడు వచ్చి గోడ మీద వాలి, నా వంక అనుమానంగా చూసింది. పాపతో సహా తలుపు వెనక దాక్కున్నాను. అప్పుడు దిగి పిల్లలకి తాగించింది. నా ప్రాణం కుదుటపడింది.

ఇవాళ పొద్దున ఆ తండ్రి తాగిస్తుంటే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పాప ఒళ్లో ఉంది, సీసా చంకలో ఉంది. రోజూలా మూతికి అందించి బతిమాలలేదు, అసలు సీసా సంగతే మర్చిపోయాను. కాసేపటికి గుటకల చప్పుడు. చూస్తే, చెంప నా గుండెకి ఆనించుకుని, చంకలోని సీసా తనే అందుకుని తాగేస్తోంది. చెయ్యి తిమ్మిరెక్కినా కదల్లేదు నేను. కళ్లనీళ్లొచ్చాయి, నవ్వకు.

ఆదివారం రావద్దు. బ్యాగు విప్పేసి, పరీక్ష పాసయ్యాకే రా.

ప్రేమతో,
మీ పాప వాళ్ల నాన్న