ఇనాల్ దండయాత్రలు, వంటింటి పాట

జులై 4
ఇనాల్ మీద థీసిస్‌లో ఒక చాప్టర్ అయింది. కాకసస్ కొండల్లో చెర్కెస్ జాతిని ఏలిన పదిహేనో శతాబ్దపు రాజు. లొంగని చెర్కెస్ దొరని కొట్టడం, లొంగినవాణ్ణి వెంటేసుకుని పక్కవాడి మీద పడటం — అలా పొరుగున ఉన్న అబ్ఖాజియా దాకా. దీని పేరు ఏకీకరణ! వాడు పోగానే కొడుకులు ముక్కలు పంచుకున్నారు. ఈ మాత్రం దానికి 'మహా' ఇనాలట.

జులై 7
గైడ్ ఒకటే అడిగింది — ఇదంతా ఎవరు చెప్పారు? ఇంకెవరు, వాడి వంశం వాళ్లే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఓడినవాళ్ల మాట ఒక్కటైనా లేకపోతే పాస్ చెయ్యదట. ఆ ఓడినవాళ్లేమైనా బర్మింగ్‌హామ్ బస్సెక్కి వస్తారా, నా ఖర్మ!

జులై 8
బ్రాక్‌నెల్‌లో ఉండే ఆంటీ ఫోన్. "చచ్చిన రాజులెందుకే, హాయిగా డేటా సైన్సో ఏదో చేసుకోక..."

జులై 12
ఫ్లాట్‌మేట్ అంజోర్. జోర్డాన్‌లో పుట్టిన చెర్కెస్. గోడ మీద వంశవృక్షం — పైన ఇనాల్, కింద కొమ్మ చివర తను. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి...

జులై 15
ఉప్మా కలుపుతున్నాను. అంజోర్ వాళ్ల నానమ్మకి వీడియో కాల్ చేసి, ఇనాల్ పాట పాడమన్నాడు, నా కోసం. ఆవిడ పాడుతోంది, వీడు ఇంగ్లిష్‌లో చెబుతున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు. పొగడ్త కాదది. ఇనాల్ గుర్రాలు చేను తొక్కాయట, కొడుకుని పట్టుకుపోయారట — ఒక తల్లి శాపనార్థాలు. పాట ఆపి నానమ్మ అందట: "మనది ఇనాల్ రక్తం కాదురా. వాడు కాల్చిన ఊరు మనది. మగాళ్లకి చెప్పుకోం, ఇంటి కోడళ్లకే నేర్పుతాం."
పొయ్యి దగ్గర ఉన్నానని నన్ను కోడలనుకుంది! వీడు కాదనలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

జులై 16
ఓడినవాళ్ల మాట దొరికింది. పాస్. గంతులేయాలనుంది.

జులై 18
"అది పెట్టొద్దు. కోడలికి పాడింది, నీకు కాదు."
చరిత్ర కదా అన్నాను.
"మా నానమ్మ కదా" అన్నాడు.
గోడ మీద వంశవృక్షం లేదు.

జులై 20
ఆవిడకి నిజం చెప్పి అనుమతి అడగమన్నాను. నోరు రాదట. పిరికివెధవ. మరి నేనో? పరాయి వంటింట్లో దూరి, దొరికింది ఎత్తుకొచ్చి 'సోర్స్' అంటున్నాను. ఛీ. ఇనాల్ కనీసం గుర్రమెక్కి ఎదురుగా వచ్చాడు.

జులై 22
రేపే సబ్మిషన్. పాట ఉంటే పాస్, తీస్తే ఫెయిల్. అంజోర్ ఫోన్ నా చేతిలో పెట్టాడు. "పాటలో మిగతా సగం ఎప్పుడు నేర్చుకుంటావంటోంది నానమ్మ. నువ్వే చెప్పుకో." తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తెరమీద ఆవిడ నవ్వుతోంది. నేను కోడల్ని కానని ఆవిడ భాషలో ఎలా చెప్పాలి... పాట అందుకుంది. ఒక్క ముక్క అర్థం కాదు. తలూపుతున్నాను.