మావయ్య కేక

శనివారం, మధ్యాహ్నం

మావయ్యగారికి,

మీ మేనకోడలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మన ఆస్పత్రి లాండ్రీలో యంత్రాలు మాత్రం అంత క్షేమం కావు. మీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెబితే మీకు సగమే వినపడుతుంది, మిగతా సగం మీరే ఊహించుకుంటారు. అందుకే ఉత్తరం.

మీరు రిటైరై, సూపర్‌వైజర్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టిన రోజు, "గొంతు పెంచవే. భయం ఉంటేనే పని జరుగుతుంది" అన్నారు. పెంచాను. మెమోలు కూడా ఇచ్చాను. చెప్పిన పని చెప్పినంతవరకే జరిగింది. ఒకరోజు ఆరబెట్టే యంత్రం పొగలు కక్కుతుంటే అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎందుకు ఆపలేదని అడిగితే, "మీరు ఆపమనలేదు కదా మేడం" అన్నారు.

సరే అని మెత్తబడి చూశాను. ప్రతిదానికీ అందరి అభిప్రాయం అడిగాను. కిటికీ పక్క బల్ల ఎవరిదన్న చర్చ పొద్దున మొదలై భోజనాల దాకా సాగింది. బాగా చేసినవాళ్ళకు సెలవు ఇస్తానన్నాను. దొరికినవాళ్ళు మురిసిపోయారు, దొరకనివాళ్ళు మూతి ముడుచుకున్నారు. అసలు మనిషి మాట మనిషి ఎందుకు వింటాడు మావయ్యా? కుర్చీని చూసా, నోటిని చూసా, ఇంకేదైనా ఉందా? ఈ ప్రశ్న నా బుర్ర తొలిచేస్తోంది.

మొన్న గురువారం బాయిలర్ మొరాయించింది. బాగయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. థియేటర్ దుప్పట్లు సాయంత్రానికి అందకపోతే మర్నాటి ఆపరేషన్లు వాయిదా వేయాల్సిందేనని, వాటిలో ఒక పసిబిడ్డ గుండె ఆపరేషన్ కూడా ఉందని హెడ్ నర్సు వచ్చి చెప్పి వెళ్ళింది. మీ గొంతు అరువు తెచ్చుకుని, పనయ్యేదాకా ఎవరూ ఇంటికి కదలడానికి వీల్లేదని అరిచాను. ఇస్త్రీ రోలరు దగ్గరుండే మీసాలాయన ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. వెనకే మిగతావాళ్ళూ. తడి దుప్పట్ల గుట్టల మధ్య నేనొక్కదాన్నే మిగిలాను.

కోపం రావాల్సింది. కానీ ముందు ఆశ్చర్యం వేసింది. మీరు ఇంతకంటే పెద్ద కేకలే వేసేవారు, ఒక్కరూ గడప దాటలేదు. కారణం తెలుసుకోకుండా ఉండలేక గేటు దాకా పరుగెత్తి, ఎందుకు వెళ్ళిపోతున్నారని మీసాలాయన్ని అడిగాను.

"ఇవాళ మా ఆవిడ కంటి కట్టు విప్పుతారు మేడం. పక్కన నేనుండాలి. ఓ గంట అడుగుదామనే వచ్చా, ఈలోపే మీరు అరిచేశారు" అన్నాడు.

వెళ్ళమన్నాను. మరి పని సంగతేంటన్నాడు. రోలరు ఎలా నడపాలో చూపించి వెళ్ళండి, మీరొచ్చేదాకా నేను నిలబడతానన్నాను. నన్ను ఎగాదిగా చూసి, లోపలికొచ్చి చూపించి వెళ్ళాడు. గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళు, నేను మొదటి దుప్పటిని గుడ్డపేలికలా నలిపేయడం కిటికీ దగ్గరికొచ్చి తొంగిచూసి పకపకా నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఏప్రన్లు కట్టుకున్నారు. నేను పిలవలేదు మావయ్యా, నిజం.

చీకటి పడకముందే మీసాలాయన వచ్చేశాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న భార్యను చెయ్యి పట్టి నడిపించుకుంటూ. ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇక జరగండి మేడం, దుప్పట్లకి మీ వల్ల చాలా కష్టమొచ్చింది" అన్నాడు. దుప్పట్లు వేళకు థియేటర్‌కి చేరాయి. పసిబిడ్డకు నిన్న ఆపరేషన్ అయింది, బాగుందట.

పనయ్యాక అడిగాను, మా మావయ్య కేకలు ఇన్నేళ్ళు ఎలా భరించారని. "అది మాత్రం అడక్కండి, మాటిచ్చాం" అన్నాడు మీసాలాయన.

ఎవరికిచ్చారు మాట? మీకేమైనా తెలుసా? తెలిస్తే దాచకుండా రాయండి, నిద్ర పట్టడం లేదు.

అత్తయ్యకు నా నమస్కారాలు.

మీ మొండి మేనకోడలు

తా.క. ఉత్తరం పోస్టు చేయడానికి వెళుతుంటే దారిలో మీసాలాయన భార్య కనబడింది. మాటిచ్చింది ఆవిడ కాదు కనుక చెప్పేసింది. మీరు ఇంటికెళ్ళి, ఆ రోజు ఎవరిని ఎలా దులిపేశారో అత్తయ్యకు పూసగుచ్చినట్టు చెప్పేవారట కదా. మీరు స్నానానికి వెళ్ళగానే అత్తయ్య ఆ తిట్లు తిన్నవాళ్ళింటికి ఫోన్ చేసేదట. "ఆయన నోరే అంత, మనసులో పెట్టుకోకండి. పిల్లలెలా ఉన్నారు?" అని అడిగేదట. ఎవరింట్లో జ్వరమో, ఎవరికి సెలవు అవసరమో కనుక్కుని, మీకే తట్టిందనిపించేలా మీ చెవిన వేసేదట. ఇన్నేళ్ళూ వాళ్ళు విన్నది మీ కేక కాదు మావయ్యా.

ఇంకొక మాట. మడతలు పెట్టే ఆవిణ్ణి ఊరికే కసిరానని నిన్న సాయంత్రం అత్తయ్యతో ఫోన్‌లో అన్నాను. ఇవాళ పొద్దున ఆవిడ నన్ను చూసి ఎందుకు నవ్విందో ఇప్పుడు అర్థమైంది.