లైమోమి వదిలేసిన అల

హలేఇవా,
డిసెంబరు 9.

ప్రియమైన నహోవా అన్నయ్యకు,

చెల్లెలు ఉలులాని అలోహా చెప్పి రాసేది. ఇక్కడ మా ఒళ్లు బాగానే ఉన్నాయి, మనసులే బాగాలేవు. హొనొలులులో నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు సర్ఫింగ్ పోటీల కమిటీలో ఉన్నావు కాబట్టి నీకే చెబుతున్నాను. మా ఇంటి గోడలు పల్చన, అందుకే ఫోను చేయలేదు.

నీ మేనకోడలు లైమోమి సెమీఫైనల్లో ఓడిందని వినే ఉంటావు. ఎలా ఓడిందో విను. ముందుగా అల ఎంచుకునే హక్కు లైమోమిదే. ఇంటెత్తు అల లేచింది. సరిగ్గా అప్పుడు ఆ ఆస్ట్రేలియా పిల్ల టారిన్ దీనికి ఒక వేలెత్తి చూపించింది. ఇది తలూపి, బోర్డు మీద కదలకుండా కూర్చుంది. ఆ అల టారిన్ ఎక్కింది, గెలిచింది. ఆట ముగిసినట్టు కొమ్ము మోగినా ఇది ఒడ్డుకు రాలేదు. దుర్భిణీలో నా కళ్లతో చూశాను.

ప్రపంచ పోటీలో ప్రత్యర్థికి తలూపేవాళ్లుంటారా? సీజను మొదలైనప్పటి నుంచీ ఇద్దరూ టారిన్ వ్యానులో తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. నేను దగ్గరికెళితే ఆపేస్తారు. నిన్న రొయ్యల బండి దగ్గర పువా అత్త, అందరూ వింటుండగా, "మీ అమ్మాయి అల వదిలిందా, అమ్మిందా?" అంది. రొయ్యలు అక్కడే వదిలేసి వచ్చాను.

రాత్రి లైమోమి గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి, "ఎందుకు వదిలావే?" అని అడిగాను. తల తిప్పలేదు. తోముతూనే ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి? నువ్వే గుట్టుగా ఆరా తీయి.

నీ చెల్లెలు,
ఉలులాని

తా.క.: కవరు అంటిస్తుంటే టారిన్ వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశాను. అంతా విని మెల్లగా, "ఆంటీ, తనకి చెవులు సరిగ్గా వినబడటం లేదు. మీకు తెలీదా?" అంది.

ఏళ్ల తరబడి గాలీ ఉప్పునీరూ కొట్టి, చెవుల లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోయిందట. మైకులో చెప్పే పాయింట్లు, మిగిలిన సమయం, ఏదీ అందదట. ఆపరేషనంటే సీజనంతా నీళ్లకు దూరం కావాలని, నాకు చెబితే ఆట మాన్పిస్తానని దాచింది. అందుకే టారిన్ సైగలు నేర్పింది. వ్యానులో చేసేది ఆ సాధనే. ఆ రోజు "ఒక్క నిమిషమే ఉంది" అని వేలెత్తితే, "వెనకాల ఇంకొకటి వస్తోంది" అనుకుందట మన పిచ్చిది. గెలుస్తున్న మనిషి ఓడుతున్న మనిషికి సమయం చెప్పింది అన్నయ్యా. వంటింట్లో నేనడిగింది కూడా దానికి చేరనే లేదు.

పుకారు నీదాకా వస్తుంది, అందుకే ఈ ఉత్తరం చింపకుండా పంపుతున్నాను. అలలు లేక ఫైనల్ వచ్చే వారానికి వాయిదా పడింది. నువ్వొచ్చేటప్పుడు ఒక ఆస్ట్రేలియా జెండా పట్టుకురా. ఇక్కడ కొట్లో అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.