మోడు ముక్క

4 జూలై 2008, శుక్రవారం

తెనాలి. శాంతికి మిషను రోజు. ఎడమ చేతికి గొట్టాలు. రక్తం బయటికి పోయి, శుభ్రపడి, మళ్ళీ లోపలికి వస్తుంది. అంతసేపూ కదలకూడదు. నా కూతురు... చూడలేను. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

రూతు మంచం మీద స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద బొమ్మల ముక్కలు పరిచింది. తల్లీ కూతుళ్ళ ఆట. శాంతికి కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. అందుకని శాంతి ముక్కలు నేను పట్టుకుంటాను. ఏది వేయమంటే అది వేస్తాను.

పక్క మంచం ముసలావిడ ఊరుకోదు. "మనవరాలికి పేకాట నేర్పుతున్నావా పెద్దాయనా, అదీ ఆసుపత్రిలో?"

పేక కాదండి అన్నాను. రూతు చెప్పింది— "ఇది రాక్షసుల ఆట మామ్మా."

"మరీ మంచిది."

శాంతి నవ్వింది. ఆట ఓడింది. ఎప్పుడూ ఓడుతుంది.

వచ్చేముందు డాక్టరమ్మ పిలిచింది. అల్లుడి రక్తం కలవలేదు. నాది కలిసింది. "కలిస్తే చాలదు తాతగారూ. మీ వయసు చూడాలి. పరీక్షలు చేసి పై డాక్టర్లకి పంపుతాం. వాళ్ళు ఒప్పుకుంటేనే మీ కిడ్నీ." అడగాల్సినవి చాలా ఉన్నాయి. సరేనండి అన్నాను. అంతే.

6 జూలై, ఆదివారం

రేపల్లె. గుడిలో ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. నేను కళ్ళు మూసుకుని ఒకటే మాట అనుకుంటున్నాను. నాది పనికి రావాలి. నాది పనికి రావాలి.

సాయంత్రం రూతు కొత్త ముక్క చూపించింది. తెనాలి స్టేషను దగ్గర బొమ్మల కొట్లో కొన్న పొట్లంలో వచ్చిందట. నరికేసిన చెట్టు మోడు. దానికి చేతులు, కళ్ళు. నెత్తిన ఒక చిగురు. ఇంగ్లీషు నాకు రాదు, అదే చదివి చెప్పింది. కింద రెండు అంకెలు. కొట్టే బలం ఒకటి. ఓర్చుకునే బలం మూడు. చస్తే మళ్ళీ లేస్తుంది, కాకపోతే ఒకటి తగ్గి లేస్తుంది. రెండైనాక మళ్ళీ చస్తే ఒకటి. ఆ తర్వాత ఇక లేవదు.

"ఎలా ఉంది తాతా? మంచిదేనా?"

చిన్న ముక్క అన్నాను. మిగతావన్నీ ఐదులూ ఆరులూ.

పిల్ల ముఖం చూడలేదు నేను. కుక్కరు దించుతున్నాను.

8 జూలై, మంగళవారం

పొద్దున్నే నా పరీక్షలు. రక్తం, షుగరు, బీపీ. ఛాతీకి తీగలు పెట్టి గుండె చూశారు. కాగితం మీద గీతలు. చూసిన కుర్రాడు దాన్ని మడిచి ఫైల్లో పెట్టాడు. బాగుందా బాబూ అని అడుగుదామనుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాను.

శాంతి మిషను మీద ఉండగా రూతు కొట్టుకి తీసుకెళ్ళమంది. అక్కడ బల్లల దగ్గర ఆడేవాళ్ళు. బాపట్ల కాలేజీలో చదివే కుర్రాడొకడు, సుధీర్ అట, మోడుని చూసి ఆగాడు. "ఇది ఇస్తావా చెల్లీ? డ్రాగన్ ఇస్తాను." ఎర్రటి రెక్కల పాము. ఆరు, ఆరు.

రూతు నా వంక చూసింది.

కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తీ దించే లస్కరు పని చేసిన రోజుల్లో, వానలు పట్టుకుంటే ఓవర్సీయరు గారితో రమ్మీ వేసేవాణ్ణి. ఆ లెక్కే చూశాను. పిల్ల సెట్టులో ఎర్ర ముక్కలు మూడున్నాయి. పాము ఎరుపు. రంగు కలిసింది. మోడు ఆకుపచ్చ, ఒంటరిది, దేనితోనూ జతపడదు. జతపడని ముక్క పడేయాలి. ఇచ్చెయ్యమ్మా అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇచ్చేసింది.

9 జూలై, బుధవారం

పిల్ల అన్నం తినలేదు. పెరుగు వేసినా, చక్కెర వేసినా. బడికి వెళ్ళింది, వచ్చింది, గోడ వైపు తిరిగి పడుకుంది. శాంతి రెండుసార్లు పిలిచింది. లేవలేదు.

దగ్గర కూర్చున్నాను. గోడ వైపు చూస్తూనే అంది—

"అది నాది కాదు తాతా. అమ్మ సెట్టులో పెడదామని. అమ్మ ఒంటిచేత్తో ఆడుతుంది కదా. ఊరికే చచ్చిపోతుంది."

అమ్మ చచ్చిపోయేది ఆటలోనే కదమ్మా అని సర్దిచెప్పబోయాను. నోట్లోనే ఉండిపోయింది.

11 జూలై, శుక్రవారం

శాంతి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. రైల్లో పడుకోలేక కిటికీకి ఆనుకుని కూర్చుంది. మిషను మీద చలి పుట్టి వణికింది. రెండు దుప్పట్లు కప్పారు. అయినా ఆడతానంది.

మోడు బదులు పామునే అమ్మ సెట్టులో పెట్టింది రూతు. అది మొదటే చేతికి వచ్చింది. కానీ దాన్ని దించాలంటే ఏడు పవర్లు పోగవ్వాలట. ఒక్కో వంతుకి ఒక్కటే వస్తుంది. అది నా చేతిలోనే ఉంది, ఆట అయిపోయేదాకా నా చేతిలోనే. మోడైతే రెండింటికే దిగేదట. రమ్మీలో అయినా బరువు ముక్క చేతిలో మిగిలితే మునగడమే కదా. ఆ మాత్రం తెలిసుండీ...

"పోన్లే నాన్నా, ఆటే కదా" అంది శాంతి. నా ముఖంలో ఏం కనబడిందో.

పై డాక్టర్ల దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు.

కొట్టు ఆయన్ని అడిగాను. సుధీర్ బాపట్లలో హాస్టలు కుర్రాడు. ఇక్కడికి మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదండి అన్నాడు.

12 జూలై, శనివారం

శాంతికి తోడు అల్లుడు పొన్నూరు నుంచి వచ్చాడు. మిల్లు సెలవు పెట్టాడు. నేను పని ఉందని చెప్పి బాపట్ల వెళ్ళాను. ఏం పని అని అతను అడగలేదు.

హాస్టలు. వరండాలో బల్ల. కుర్రాళ్ళు బకెట్లు పట్టుకుని వస్తున్నారు, పోతున్నారు. ఒకతను ఎవరు కావాలి తాతా అన్నాడు. ఎవరూ లేరు బాబూ, నీడకి కూర్చున్నాను అన్నాను.

సుధీర్ నా ముందు నుంచే వెళ్ళాడు. చెవిలో పాటల తీగ. లేవబోయాను.

రమ్మీలో పడేసిన ముక్క పడేసిందే. చెయ్యి వదిలాక మళ్ళీ తీస్తానంటే ఆటలోంచి లేపేస్తారు. నేనే లేపాను ఎందర్నో. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని...

సాయంత్రం బండికి వచ్చేశాను. జేబులో పాము అలాగే ఉంది.

13 జూలై, ఆదివారం

గుడికి పోలేదు. శాంతికి ఆయాసం. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. మంగళవారం దాకా ఎలా.

14 జూలై, సోమవారం

మళ్ళీ బాపట్ల. ఈసారి కూర్చోలేదు. కూర్చుంటే లేవనని తెలుసు. నిలబడే ఉన్నాను. అతను బయటికి రాగానే ఎదురెళ్ళాను.

బాబూ, ఆ మోడు.

"తాతగారూ మీరా? చెల్లి బాగుందా?"

పామును తీసి ముందుకు చాపాను.

"అయ్యో, మార్చుకున్నాం కదండి. మోడు మీదే నా సెట్టు అంతా కట్టుకున్నాను."

తెలుసు బాబూ అన్నాను. తప్పే. పిల్ల అన్నం తినట్లేదు. వాళ్ళమ్మ మిషను మీద ఉంటుంది. ఆ ముక్క వాళ్ళమ్మకి.

జీవితంలో ఒక్కసారిగా ఇన్ని మాటలు నేను ఎవరితోనూ ఆడలేదు.

గదిలోకి తీసుకెళ్ళాడు. మంచం మీద బట్టలు పక్కకి తోసి కూర్చోమన్నాడు. మోడు తీసి నా ముందు పెట్టాడు. అంకెలు చూసి దీన్ని కొలవకూడదండి అన్నాడు. "అవతలివాడితో ఎంత పని చేయిస్తుందో చూడాలి. ఒక్క ముక్కని చంపడానికి వాడు మూడు దెబ్బలు వేయాలి. ఆలోపు మనకి కావల్సింది వస్తుంది. దీన్ని కొట్టడానికి పంపకండి. ముందు నిలబెట్టండి, అంతే."

లాకు తలుపు లాంటిదన్నమాట. అది నీళ్ళని గెలవదు. ఆపుతుంది. ఇన్నేళ్ళు తలుపులు దించీ ఎత్తీ బతికినవాణ్ణి, ఈ ముక్కని గుర్తుపట్టలేకపోయాను.

కావల్సింది రాకపోతే బాబూ? అని అడిగాను.

మోడుని వేళ్ళ మధ్య తిప్పాడు. "రాకపోతే ఓడిపోతామండి. కాకపోతే ఆలస్యంగా."

ఇంకోటి కూడా చెప్పాడు. నిప్పు ముక్క పడితే మోడు లేవదు. బలం ఎంత మిగిలున్నా సరే, కాలి బూడిదే. "అదొక్కటే దీని లోటు. చెల్లి దగ్గర నిప్పు ముక్క ఉందండి, చూశాను."

పాము తీసుకున్నాడు. మోడు ఇచ్చాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. తాగాను.

రాత్రి పిల్ల రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

15 జూలై, మంగళవారం

మోడు నిలబడింది.

చచ్చింది, లేచింది. శాంతి పడుకునే "లేవరా అబ్బాయ్" అంటోంది. పక్క మంచం ముసలావిడ మెడ చాచి చూస్తోంది. "ఏంటి, మళ్ళీ లేచిందా? దాన్ని కన్నతల్లి ఏం తిందో."

శాంతి గెలవలేదు. కానీ మిషను ఆపేదాకా ఆట నడిచింది. అంతసేపు ఎప్పుడూ నడవలేదు.

నీరు తీశాక పాదాలు కొంచెం తగ్గాయి.

డాక్టరమ్మ వరండాలో కనబడింది. అడుగుదామని ఎదురెళ్ళాను. బాపట్లలో వచ్చిన నోరు ఇక్కడ రాలేదు. రూతు అడిగేసింది— "మా తాతది సరిపోతుందా ఆంటీ?" చూస్తున్నారమ్మా, శుక్రవారం చెప్తాం అంది.

16 జూలై, బుధవారం

వాన. నాకు నేనే నాడి పట్టుకుని చూసుకుంటున్నాను. ఏం తెలుస్తుంది.

17 జూలై, గురువారం

ఉప్పు మానేశాను. ఇప్పుడు మానితే ఏం లాభం నాన్నా అంటుంది శాంతి. పొద్దున్నే స్టేషను దాకా నడిచి వస్తున్నాను. గుండె గట్టిపడుతుందేమోనని. ఒక్క వారంలో ఏం గట్టిపడుతుంది. అయినా నడుస్తున్నాను.

18 జూలై, శుక్రవారం

రైల్లోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున ఆట మొదలైంది. శాంతికి మోడు తొందరగానే వచ్చింది. నిలబెట్టాను. ఒకసారి చచ్చి లేచింది. రెండోసారి చచ్చి లేచింది. ఇక ఒకటే మిగిలింది. రూతు వంతు. ఊరికే ముక్కలు అటూ ఇటూ మారుస్తోంది.

"జాలిపడి ఆడకే. ఆట ఆటే" అంది శాంతి.

అప్పుడే నర్సమ్మ నన్ను పిలిచింది.

డాక్టరమ్మ కూర్చోమంది. కాగితాలు తిప్పింది. పై డాక్టర్లు కాదనలేదట. ఔననీ అనలేదట. గుండె గీతల్లో ఏదో ఒకచోట వాళ్ళకి అనుమానం. ఇంకో పరీక్ష చేసి పంపమన్నారు. మంగళవారం చేస్తారు. "అది బాగుంటే ముందుకెళ్దాం. లేకపోతే..."

అడిగాను. ఈసారి అడిగాను. లేకపోతే మా అమ్మాయి ఎన్నాళ్ళు ఆగుతుందండి?

జబ్బుని మిషను ఆపుతుంది తాతగారూ అంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను.

ఆపుతుంది. సరేనండి అన్నాను.

వచ్చేసరికి మిషను తీసేశారు. శాంతి కళ్ళు మూసుకుని ఉంది. ఆట మధ్యలో ఉంది. "తీసేయకండి నాన్నా. ఎక్కడిది అక్కడే ఉంచండి. మంగళవారం ఆడతాం." ఇంకోటి ఏమీ అడగలేదు. డాక్టరమ్మ ఏమందని కూడా అడగలేదు. నేనే చెప్పాను. ఊ అంది.

పళ్ళెం మీద ముక్కలు అలాగే ఉంచాను. ఇద్దరి చేతి ముక్కలూ విడివిడిగా రబ్బరు బ్యాండ్లు వేసి జేబులో పెట్టాలి. రూతువి సర్దుతుంటే కనబడింది. నిప్పు ముక్క. అంచులు చెమటకి మెత్తబడి ఉన్నాయి. పొద్దున్నుంచీ చేతిలోనే ఉన్నట్టుంది.

రూతు నా వంకే చూస్తోంది.

నేను బ్యాండు వేసేశాను.

ఇప్పుడు పళ్ళెం నా ఒళ్ళో ఉంది. శాంతి ఎదురుగా నిద్రపోతోంది, తల పిల్ల భుజం మీద. బండి కదిలింది. కిటికీలోంచి గాలి, సన్నగా వాన. మోడు ముక్క అంచు లేస్తోంది. దాని మీద అరచెయ్యి పెట్టాను. కిటికీ పక్కన కూర్చున్నాయన ఎవరో తెలియదు, పెద్దమనిషిలా ఉన్నాడు, గాలికి మొహం పెట్టి హాయిగా ఉన్నాడు.

ఆ తలుపు దించండి బాబూ అన్నాను.

ఆయనకి వినబడలేదు. ఇంకాస్త గట్టిగా అనాలి.