తోకలకు కట్టిన దారాలు

కంపెనీ క్వార్టర్స్, పై అంతస్తు
పన్నెండో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఆడపడుచు నడుం వంచకుండా, చేతులు జోడించకుండా, కాగితం మీద మాత్రమే నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగను. దాని సంగతి తేల్చడానికే ఈ పొద్దున మీ రేవుకి వచ్చాను.

ఛీ, ఈ మీరూ గీరూ నా వల్ల కాదు. తొమ్మిదేళ్ళుగా నిన్ను మనసులో నువ్వు అనే తిట్టుకుంటున్నాను. ఇప్పుడు కొత్తగా మర్యాద ఎక్కణ్ణించి తెచ్చుకోను?

ముందు నా వార్తలు విను, విని కుళ్ళుకో. కోపం ముక్కు మీదే ఉంటుందని నువ్వు కందిరీగ అని పేరు పెట్టిన ఆడపడుచు ఇప్పుడు చేపల కంపెనీలో తనిఖీ అధికారి. తెల్లకోటు, తెల్లటోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. లారీ రాగానే చేపకి థర్మామీటరు గుచ్చి, అంకె చూసి సంతకం పెడతాను. నా సంతకం లేనిదే ఒక్క పెట్టె లోపలికి పోదు. మీ రేవులో మా కంపెనీ కొత్తగా కట్టిన మార్కెట్టు హాల్లో చేపలమ్మే ముప్ఫై అరుగులు ఎవరెవరికి ఇవ్వాలో చూసి రమ్మని పంపింది కూడా నన్నే. ఆ సంగతి తెలిసిన రోజు నీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, పక్కింటావిడ వచ్చి తలుపు బాదేదాకా నాకు తెలియలేదు. అంత సంతోషపడ్డాను.

నువ్వు మర్చిపోయి ఉంటావు, నేను మర్చిపోలేదు. తొమ్మిదేళ్ళ కిందట మన అరుగు మీంచి హాస్టల్ వంటావిడ గంపెడు వంజరం చేపలు తీసుకెళ్ళింది. మర్నాటికి నలభై మంది ఆడపిల్లలు వాంతులతో మంచం పట్టారు. ఆ గంప ఏరి ఇచ్చింది నేను. రేవు సంఘం వాళ్ళందరూ వేలం షెడ్డులో పోగయ్యారు. మన రేవు పద్ధతి నీకు చెప్పక్కర్లేదు. అనుమానం వస్తే ముక్కు పరీక్ష. కళ్ళకి తువ్వాలు కడతారు, తడిగుడ్డ కింద మూడు చేపలు పెడతారు. ఏది ఇవాళ్టిది, ఏది నిన్నటిది, ఏది అంతకు ముందుదో వాసన చూసి చెప్పాలి. చెబితే తలెత్తుకుని అరుగెక్కొచ్చు. చెప్పలేకపోతే ఈ తీరంలో ఉన్న రేవులన్నిటికీ, కంపెనీలన్నిటికీ సంఘం ఉత్తరాలు రాస్తుంది. ఆ తర్వాత ఆ మనిషిని చేపల పనిలో ఎవరూ పెట్టుకోరు.

సంఘం పెద్ద తువ్వాలు తీసుకుని నా వైపు వచ్చాడు. నువ్వు అడ్డం పడ్డావు. దీనికి పరీక్షెందుకు, ఇది వట్టి అజాగ్రత్త మనిషి, కబుర్లలో పడి చూడకుండా ఇచ్చేసింది, ఇవాళ్టి నుంచి నా అరుగు మీద దీనికి చోటు లేదు అని అందరి ముందూ అన్నావు. నా బుట్టా, నా కత్తీ తీసి రోడ్డు మీద పెట్టావు. నా సొంత అన్నయ్య, నీ మొగుడు, తలెత్తకుండా వల చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడు. నన్ను నేను నిరూపించుకోవడానికి ఒక్క అవకాశం, ఒకే ఒక్కటి, అదీ నువ్వు దక్కనివ్వలేదు. కడుపు మండదా వదినా?

అందుకే ఆ పరీక్ష నీకే పెట్టాలనుకున్నాను. మూడు రోజుల కిందట ఒక వంజరం కొని అలమరలో దాచాను. నిన్న ఒకటి కొన్నాను. ఇవాళ్టిది మీ రేవు గేటు దగ్గరే తీసుకున్నాను. మూడూ ఒకే సైజు. పొరపాటు పడకూడదని తోకలకి దారాలు కట్టాను. ఇవాళ్టిదానికి తెలుపు, నిన్నటిదానికి ఎరుపు, పాతదానికి నలుపు. పాతదాన్ని ఉప్పునీళ్ళతో ఎంత బాగా కడిగానంటే నువ్వు కాదు కదా, నిన్ను కన్నవాళ్ళు కూడా పసిగట్టలేరనుకున్నాను. వచ్చేటప్పుడు బస్సు కిటకిటలాడుతున్నా నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. టోపీ చూసి జడిశారు.

మీ రేవు బాగుపడిందని ఒప్పుకుంటాను. బోట్లు అప్పుడే వచ్చినట్టున్నాయి. ఐసు మర మోగుతోంది. ఒకావిడ రొయ్యల్ని సైజు వారీగా ఎంత వేగంగా విడదీస్తోందంటే చేతులు కనబడటం లేదు. కాళ్ళు కట్టేసిన పీతలు గంపలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వేలం పాడేవాడి గొంతు ఇంకా అలాగే ఉంది. అంత సరుకున్నా వాసనన్నదే లేదు, పూల కొట్లోకి వచ్చినట్టుంది. మా కంపెనీ చెప్పిన శుభ్రత పద్ధతుల వల్లే అయ్యుంటుంది. సంఘం పెద్ద మాత్రం నా సంచీ పక్కన నడిచినంతసేపూ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. జలుబేమో.

నీ అరుగు దగ్గర ఆగాను. జుట్టు సగం నెరిసిపోయింది నీకు. టోపీ, మాస్కు ఉన్నాయి కాబట్టి నువ్వు గుర్తుపట్టలేవనే ధైర్యంతో మొప్ప ఎత్తి చూశాను, నీ ముందరి చేపది. మాట్లాడకుండా ముక్కు పరీక్ష అని కాగితం మీద రాసి సంఘం పెద్దకి ఇచ్చాను. నువ్వే తువ్వాలు అడిగి తీసుకుని కళ్ళకి కట్టుకున్నావు.

మొదటిది వాసన చూసి నిన్నటిదన్నావు. రెండోది ఇవాళ్టిదన్నావు, గేటు దగ్గర కూర్చునే ముసలామె ఐసు పెట్టదు, ఇది ఆవిడ గంపలోదే అని కూడా అన్నావు. మూడోదాని మీదికి వంగను కూడా వంగలేదు. మూడు రోజులైంది, ప్లాస్టిక్ సంచీలో ఉంచారు, బస్సులో వెనక్కి తీసుకెళ్ళకుండా ఇక్కడే పూడ్చిపెట్టమనండి అన్నావు. నేను గుడ్డ ఎత్తి దారాలు చూసుకునేలోపే చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపేశారు. ఎరుపు, తెలుపు, నలుపు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడితో ఊరుకున్నావా? చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండా, నాకొక్కదానికే వినబడేట్టు, కందిరీగా అన్నావు. మొప్పని చిటికెన వేలితో ఎత్తడం నేర్పింది నేనే కదే అన్నావు. ఒక్కదానివే ఉంటున్నావటగా, పడుకునే ముందు గ్యాస్ కట్టావో లేదో కళ్ళతో చూసుకుంటున్నావా అని అడిగావు. తొమ్మిదేళ్ళ తర్వాత మాట్లాడిన మాట అది. నా పొయ్యి గొడవ నీకెందుకు? ఎగతాళా? మొగుడూ పిల్లలూ లేనిదాన్నని దెప్పడమా?

ఓడిపోయి వెళ్ళిందని నవ్వుకుంటున్నావేమో, ఆగు. రిపోర్టు రాసేశాను. నీ అరుగు కింద కాలవ పూడిపోయిందని, ఐసు చాలడం లేదని, చేపలు నేల మీద పెడుతున్నావని రాశాను. మూడూ అబద్ధాలే. రేపు పొద్దున ఆఫీసులో ఇస్తాను. నీ బుట్టా, నీ కత్తీ రోడ్డు మీదికొచ్చే రోజు నేను ఎదురుగా నిలబడి చూస్తాను. నువ్వు ఎవర్ని బతిమాలుకున్నా లాభం లేదు.

ఇట్లు,
నీ మేలు ఏనాడూ కోరని ఆడపడుచు,
కందిరీగ

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టి, టీ కాచుకుందామని లేచాను. స్టవ్ మీద చెయ్యి వేయగానే నువ్వడిగిన మాట అర్థమైంది. గ్యాస్ కట్టావా అని ఎవరినైనా అడుగుతారు. కళ్ళతో చూసుకుంటున్నావా అని ముక్కు లేనిదాన్నే అడుగుతారు.

ఆ యేడు నాకు విషజ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నాకు వాసన తెలియదు వదినా. రెండు నెలలు నీ పక్కన కూర్చుని, నువ్వు పక్కకి నెట్టిన గంపల్నే నేనూ నెట్టేదాన్ని. హాస్టల్ గంప ఇచ్చిన పొద్దున నువ్వు ఆలస్యంగా వచ్చావు. నలభై మంది పిల్లల్ని మంచం పట్టించింది నేనే. దారాలు కట్టింది కూడా ఏ చేప ఏదో నాకు తెలియకే. తప్పు నాదని మొదట్నుంచీ తెలుసు. నీకు తెలుసని మాత్రం తెలియదు. ఆ తువ్వాలు నా కళ్ళకి కట్టనిచ్చి ఉంటే ఈ తెల్లకోటు కూడా ఉండేది కాదు.

రిపోర్టు చించేసి మళ్ళీ రాశాను, నీకు అరుగు మొదటి వరసలో ఇవ్వాలని. వాసన చూసే మనిషిని ఒకర్ని నా పక్కన పెట్టమని, ఎందుకో కూడా, రేపు ఆఫీసులో చెప్తాను. ఉంచుతారో పంపేస్తారో వాళ్ళిష్టం. పైన రాసిన ఉత్తరం మాత్రం చించలేదు. తొమ్మిదేళ్ళు మోశాను, నువ్వూ ఒకసారి చదువు.

స్టవ్ రెండుసార్లు చూసుకున్నాను. కట్టేసే ఉంది.